తొమ్మిదేళ్లు, మూడేసి నిమిషాలు: తరగతిలో డిజిటల్ కథలు

రాసినదాన్ని పిల్లల చేత మళ్లీ రాయించగలిగిన పని నా చేతికి డిజిటల్ కథ ఒక్కటే దొరికింది. వ్యాసం దిద్ది ఇస్తే మార్కులు చూసుకుని పుస్తకం మూసేస్తారు. అదే పిల్లలు, సొంత గొంతు రికార్డు చేసి విన్నాక ఒకే పేరాని ఆరేడుసార్లు తిరగరాస్తారు, అదీ నేను అడక్కుండానే. 2016లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లు వరసగా తొమ్మిదో తరగతితో చేయించాను. మొత్తం మీద నా ఓటు దీనికే. కాకపోతే మొదటి రెండేళ్లు ఎవరైనా నా మొహాన ఈ కింద రాసినవన్నీ చెప్పి ఉంటే బాగుండేది.

డిజిటల్ కథ అంటే విద్యార్థి తన జీవితంలోని ఒక సంగతి రాసుకుని, తన గొంతుతో చదివి, దానికి ఓ పాతిక ఫొటోలు, కావాలంటే కాస్త సంగీతం చేర్చి కట్టిన రెండు మూడు నిమిషాల వీడియో. 1990లలో కాలిఫోర్నియాలో డేనా ఆచ్లీ, జో లాంబర్ట్, వాళ్ల తోటివాళ్లు మామూలు జనం కోసం నడిపిన వర్క్‌షాపుల్లో రూపుకట్టిన పద్ధతి. మంచి కథకు ఉండాల్సినవని వాళ్లు చెప్పిన ఏడు అంశాల్నీ మొదటి ఏడాది చార్టు మీద రాసి గోడకు అంటించాను. ఎవరూ చదవలేదు. ఇప్పుడా గోడ మీద ఏడింటిలో ఒకటే మిగిలింది: పొదుపు, అంటే కథకు అక్కర్లేనిది ఉంచకపోవడం.

ఆ ఏడాది చేసిన పెద్ద తప్పు, పిల్లల్ని తిన్నగా కంప్యూటర్ గదికి తీసుకెళ్లడం. ఒక ఫొటో గిరగిరా తిరిగి మాయమైతే ఇంకోటి ఎటునుంచి రావాలన్న దానికే ఆరు పీరియడ్లు అయిపోయాయి. కథేదిరా అంటే "అది చివర్లో రాసేస్తాం సార్" అన్నారు. పైగా వీడియో కట్టడానికి మేం కష్టపడి నేర్చుకున్న విండోస్ మూవీ మేకర్ అనే ప్రోగ్రామ్‌ని 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆపేసింది. ఆ తర్వాత ఓపెన్‌షాట్ అనే ఉచిత వీడియో ప్రోగ్రామ్, ఫోన్ యాప్‌లు, ఎవరికి ఏది అందుబాటులో ఉంటే అది. ఏదైనా ఒక పీరియడ్‌లో పట్టేస్తారు, మనం నేర్పక్కర్లేదు. ఇప్పుడు మొదటి ఐదు పీరియడ్లు కంప్యూటర్ గది తాళమే తీయను. గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పాలి, వినేవాళ్లు ప్రశ్నలు మాత్రమే వేయాలి. సలహాలివ్వకూడదు. ఈ ఒక్క నియమం నిలబెట్టడానికే నాకు గొంతు పోతుంది.

స్క్రిప్టు కొలత దగ్గర కూడా దెబ్బతిన్నాను. ఇంగ్లీషు చేతిపుస్తకాల్లో రెండు మూడు నిమిషాలకు మూడొందల మాటలు అన్న లెక్క కనిపిస్తుంది. తెలుగుకి అది పనికిరాదు. 'వెళ్లలేకపోయామని' అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో అదే ఐదు మాటలు. మా పిల్లలు మూడొందలు చదివేసరికి నాలుగు నిమిషాలు దాటింది, అదీ ఊపిరి సలపకుండా. ఇప్పుడు రెండొందలు దాటితే వెనక్కిస్తాను.

ఒక అమ్మాయి ఇల్లు మారిన సంగతి రాసింది. మొదటి ప్రతిలో "ఆ ఇంటిని వదిలి వెళ్తుంటే మేమందరం ఎంతో బాధపడ్డాము" అని ఉంది. దానికి ఇంటర్నెట్‌లో దొరికిన సూర్యాస్తమయం బొమ్మ పెట్టింది. రికార్డింగు విని, హెడ్‌ఫోన్లు తీసి, "సార్, ఇది మా పాఠంలో వాక్యంలా ఉంది" అంది. అవును. నేనేమీ అనలేదు. రెండ్రోజుల తర్వాత ఫోన్‌లో ఒక ఫొటో తెచ్చింది. ఖాళీ గోడ, క్యాలెండర్ తీసేసిన చోట చదరంగా తెల్లటి మచ్చ, పైన ఒక మేకు. కొత్త వాక్యం ఇది: "మేకు ఊడి రాలేదని నాన్న వదిలేశాడు." ఆ ఫొటో మీద గొంతు ఆపి నాలుగు సెకన్లు ఊరుకుంది. గోడ రంగు గురించి రాసుకున్న రెండు వాక్యాలూ తనే కొట్టేసింది, ఫొటోలో కనిపిస్తోంది కదా అని. క్లుప్తత మీద నేను ఏళ్ల తరబడి చెప్పిన పాఠం ఏ తలకీ ఎక్కలేదు. ఈ మేకు పక్క బెంచీవాళ్లకి కూడా ఎక్కింది.

రికార్డింగుకి ఖరీదైన మైకులు అక్కర్లేదు, ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి, ఫోన్ నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకి పెట్టాలి, లేకపోతే ప, బ అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. చదవబోయే ముందు ఐదు సెకన్లు మాట్లాడకుండా రికార్డు చేయమంటాను. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఆ ముక్కని నమూనాగా చూపిస్తే మిగతా అంతటా గదిలో ఉన్న హోరు తగ్గిస్తుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

ఇక పెన్‌డ్రైవ్ కథ. ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైలులో ఫొటోలు, గొంతు ఉండవు, అవెక్కడున్నాయో చెప్పే చిరునామాలే ఉంటాయి. ఆ సంగతి పిల్లలకు చెప్పడం మర్చిపోయాను. ప్రదర్శన రోజు పదకొండుమంది పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే తెచ్చారు. తెర నిండా నల్ల పెట్టెలు. ఆడాసిటీ పాత వెర్షన్లలోనూ ఇదే గొడవ, పక్కనున్న డేటా ఫోల్డర్ కూడా తీసుకురావాలి. 2021లో వచ్చిన 3.0 నుంచి రికార్డింగు అంతా ఒకే ఫైలులో ఉంటోంది. ఇప్పుడు మొదటి రోజే ప్రతివాడూ తన పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుని అన్నీ అందులోనే పడేయాలి. చివర్లో అన్నీ కలిసిన ఒకే వీడియో ఫైలు, అంటే ఎంపీ4, చేసి ఇస్తే తప్ప తీసుకోను.

గ్రూపు పనిగా ఇవ్వకండి. నలుగురిలో ఒకడు మౌస్ పట్టుకుంటాడు, ముగ్గురు చూస్తారు, ఆ ఒకడికి రాయడం ఇష్టముండదు. రాత, గొంతు ఎవరిది వాళ్లదే, ఎడిటింగ్‌కి మాత్రం ఇద్దరిద్దరు. దీంతో నా పని పెరిగింది. నలభైమంది, మూడేసి నిమిషాలు, ఒక్కసారి చూడ్డానికే రెండు గంటలు. మొదట తెర ఆపేసి గొంతు మాత్రం విని మార్కులేస్తాను, తర్వాతే బొమ్మలు. అలా చేయని ఏడాది తళుకుబెళుకులకి బోలెడు మార్కులు వేసేశానని తర్వాత స్క్రిప్టులు చదివినప్పుడు తెలిసింది.

సంగీతం దగ్గర ఏటా పేచీయే. సినిమా పాట ఎందుకు వద్దంటే వినరు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్నవి, అంటే చేసినవాళ్లే షరతులతో వాడుకోనిచ్చినవి చూపించి, చేసినవాళ్ల పేరు చివర్లో వేయమంటాను, సగంమంది మర్చిపోతారు. ఈమధ్య యంత్రం చదివిన గొంతులు తెస్తున్నారు. తీసుకోను. ఉచ్చారణ చక్కగా ఉంటుంది, నిజమే. కానీ తన తడబాటు తాను వినకపోతే ఆ వాక్యం మార్చాలని ఎవడికి తడుతుంది?

ఒక తప్పు మాత్రం ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది. ఒక అబ్బాయి ఇంట్లో తాగుడు గొడవ గురించి చేశాడు. గొప్పగా వచ్చింది. ఆ ఉత్సాహంలో అందరి ముందూ వేసేశాను. ఆట స్థలంలో రెండు వారాలు వాడిని ఆ మాటలతోనే ఏడిపించారని నాకు ఆలస్యంగా తెలిసింది. వాడు నన్ను ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. ఇప్పుడు ప్రతి ఫోల్డర్‌లో ఒక చీటీ ఉంటుంది: 'అందరికీ', 'సార్‌కి మాత్రమే', 'ఎవరికీ వద్దు'. ప్రదర్శన రోజు పొద్దున దాకా మార్చుకోవచ్చు. మూడోది పెట్టినా మార్కులు తగ్గవు. చూడకుండా ఎలా వేస్తావంటారా, స్క్రిప్టు మొదటి ప్రతి, చివరి ప్రతి పక్కపక్కన పెట్టి వేస్తాను. స్క్రిప్టు కూడా చూపించనంటే ఇంకో సంగతి ఎంచుకోమంటాను.

మొత్తం పన్నెండు పీరియడ్లు పడుతుంది. పది పీరియడ్లతో అయ్యిందని ఎవరైనా అంటే వాళ్ల కంప్యూటర్ గదిలో కరెంటు ఎప్పుడూ పోదేమో. పదో తరగతితో చేయను, రెండుసార్లు ప్రయత్నించి మానేశాను, పరీక్షల భయంలో రాసేవన్నీ మళ్లీ వ్యాసాలే అవుతున్నాయి. తొమ్మిదో తరగతికి మాత్రం వచ్చే ఏడాది కూడా ఉంది. ఇరవై హెడ్‌ఫోన్లలో ఏడు ఒక చెవిలోనే వినిపిస్తున్నాయి, అవి ముందు మార్పించాలి.