పదేళ్లు దాటిన నా కాంపౌండ్ విల్లు: మార్చాలా, ఉంచాలా?

నా వేట విల్లు కాంపౌండ్, అంటే కొనల్లోని చక్రాల మీదుగా నారి, కేబుళ్లు నడిచే విల్లు. అందులో సింగిల్ క్యామ్ రకం, అంటే గుండ్రంగా లేని చక్రం (క్యామ్) ఒక కొననే ఉంటుంది. ఆ చక్రాల ఇరుసుకీ ఇరుసుకీ మధ్య 34 అంగుళాలు, బ్రేస్ హైట్ (నారికీ పిడికీ మధ్య దూరం) 7 అంగుళాలు. 60 పౌండ్ల లాగే బరువుకి, నారిని ఎంత దూరం లాగాలో చెప్పే 28.5 అంగుళాల డ్రా లెంగ్త్‌కి పెట్టుకున్నాను. కొని పదేళ్లు దాటింది. ఇప్పటికీ జింకల వేటకి ఇదే పట్టుకెళ్తాను. కానీ ఏటా కొత్త మోడళ్లు రాగానే మనసు అటు లాగడం మామూలే. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. అందుకే ఈమధ్య ఒక కొత్త విల్లుని సరిగ్గా నా కొలతలకే సెట్ చేయించి, నా బాణాలతోనే తీరిగ్గా వేసి చూశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక తేలిన సంగతులివి.

ముందు స్పీడ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అమ్మేవాళ్లు మొదట చూపించేది అదే. విల్లు మీద రాసే ఐబీఓ (ఇంటర్నేషనల్ బోహంటింగ్ ఆర్గనైజేషన్) వేగం కొలిచేది 70 పౌండ్ల బరువు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల (సుమారు 23 గ్రాముల) తేలికపాటి బాణంతో. మనం వేటకి వాడే బరువైన బాణం, నారి మీద పీప్ (గురి చూసే చిన్న కన్నం), డీ లూప్ (నారిని పట్టి లాగే చిన్న ముడి) అన్నీ చేరాక ఆ అంకె ఎవరికీ రాదు. డ్రా లెంగ్త్ ఒక్క అంగుళం తగ్గితేనే సెకనుకి సుమారు 10 అడుగులు పోతాయి. నా 400 గ్రెయిన్ల బాణం క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) మీద పాత విల్లుతో 255 అడుగులు చూపించింది, కొత్తదానితో 275.

ఇరవై అడుగులు వినడానికి బాగానే ఉంటుంది. దాన్ని వేటలోకి తెచ్చి చూడండి. 30 గజాల దూరంలో జింక నిలబడి ఉంది. పాత విల్లు బాణం అక్కడికి చేరడానికి 0.35 సెకను పడుతుంది, కొత్తదానికి 0.33. నారి చప్పుడు మాత్రం 0.08 సెకనులోనే దాని చెవిన పడుతుంది. అంటే ఏ విల్లుతో వేసినా బాణం కంటే చప్పుడే చాలా ముందు చేరుతుంది. బెదిరిన జింక గెంతడానికి ముందు కాళ్లు ముడుచుకుని కిందికి కుంగుతుంది. గుండె మీద పెట్టిన గురి వీపు మీదుగా పోయేది అప్పుడే. ఆ కుంగుని దాటిపోయే వేగం ఏ కాంపౌండ్‌కీ లేదు.

దెబ్బ బలం చూసినా అంతే. బాణం బరువుని వేగంతో రెండుసార్లు గుణించి 450240తో భాగిస్తే శక్తి ఫుట్ పౌండ్లలో వస్తుంది. నా పాత విల్లుకి దాదాపు 58, కొత్తదానికి 67. బాణాలు చేసే ఈస్టన్ వాళ్ల పట్టికలో జింకలాంటి జంతువుకి 25 నుంచి 41 చాలని ఉంది. 42 నుంచి 65 వరకు ఎల్క్ (పెద్ద జాతి దుప్పి), అడవిపంది లాంటివాటికి. నేను వేటాడేది జింకల్నే, కాబట్టి ఆ పైన తొమ్మిది ఫుట్ పౌండ్ల తేడాతో నాకు పనేం లేదు. వేట బాణానికి పెట్టే పదునైన బ్లేడ్ల మొన, అంటే బ్రాడ్‌హెడ్ దానికంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇక కొత్త విల్లు నన్ను నిజంగా టెంప్ట్ చేసిన చోటుకి వస్తాను. అది చప్పుడు, అదురు. నా పాతదాని లింబులు (విల్లులో వంగే రెండు కొమ్మలు) కాస్త ముందుకి వాలి ఉంటాయి. వదలగానే విల్లు మొత్తం ముందుకి ఒక్క గెంతు వేస్తుంది, ఆ కుదుపు ముంజేతి దాకా తెలుస్తుంది. కొత్తవాటిలో లింబులు రెండూ దాదాపు సమాంతరంగా ఉంటాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి విదిలిస్తాయి కాబట్టి ఒకదాని అదురుని ఇంకొకటి మింగేస్తుంది. మొదటి బాణం వేశాక విల్లు అరచేతిలో అలా నిలబడిపోతే, బాణం వెళ్లిందా లేదా అని టార్గెట్ వైపు చూశాను. పాతదానికి రబ్బరు సైలెన్సర్లు, స్ట్రింగ్ స్టాప్ (నారి అదురుని ఆపే కడ్డీ) తగిలించి, బాణం బరువు కాస్త పెంచాక చప్పుడు చాలా తగ్గింది గానీ, ఈ నిశ్శబ్దం రాలేదు.

రెండోది లెట్‌ఆఫ్. అంటే పూర్తిగా లాగాక చేతి మీద బరువు ఎంత తగ్గుతుందన్నది. నా విల్లుకి 75 శాతం, అంటే పూర్తిగా లాగాక చేతిలో 15 పౌండ్లు మోస్తాను. కొత్తది 85 శాతం, అంటే 9 పౌండ్లే. జింక చెట్టు చాటున ఆగి ఒక్క అడుగు ముందుకి వేయకుండా సతాయించినప్పుడు ఈ ఆరు పౌండ్ల విలువ తెలుస్తుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లకి, వయసు మీద పడుతున్నవాళ్లకి నేను కొత్తది కొనమని చెప్పేది ఈ ఒక్క కారణానికే. వేగం కోసమైతే చెప్పను. కాకపోతే బరువు మరీ తగ్గితే చెయ్యి అలసత్వంగా పడుతుంది, గ్రిప్ మీద చిన్న మెలిక పడినా బాణం పక్కకి పోతుంది. 15 పౌండ్లు లాగి పట్టుకుంటే వెన్ను దానంతటదే బిగుసుకుంటుంది, వదలడం శుభ్రంగా ఉంటుంది. నాకు అలవాటైందేమో, అలాగే బాగుంది.

పొడవు గురించి ఒక్క మాట. కొత్తది 30 అంగుళాలే. మాటు గుడారంలో, చెట్టు మీద మంచెలో తిప్పుకోవడానికి హాయి. కానీ విల్లు పొట్టిదయ్యేకొద్దీ లాగినప్పుడు నారి కోణం ఇరుకై, నారి ముక్కుకి దూరంగా జరుగుతుంది. ముక్కు కొన నారికి ఆనించి గురి చూసే అలవాటున్నవాళ్లు ముందు లాగి చూడకుండా కొనకూడదు. గాలి ఉన్నప్పుడు నా 34 అంగుళాలదే గురి చూసే పిన్‌ని నిలకడగా పట్టింది.

మార్చాలా వద్దా అన్నది చివరికి పాత విల్లు ఆరోగ్యం మీదే తేలాలి. నేను చేసేదేంటంటే, సీజన్‌కి ముందు లింబుల అంచుల వెంట, ముఖ్యంగా ఇరుసు పట్టే కొన దగ్గర, ఒక దూది ఉండని మెల్లగా రాస్తూ పోతాను. కంటికి కనపడని పీచు లేచినా దూది పోగు అక్కడ తగులుకుంటుంది. తగులుకుందంటే ఆ విల్లు మళ్లీ లాగకూడదు. దాని మీద ఇంక చర్చ లేదు. క్యామ్ అంచు వంగిందా, నారి గాడిలో గీతలున్నాయా, ఇరుసు వదులైందా చూస్తాను. బాణం లేకుండా ఎవరైనా ఒక్కసారి వదిలిన విల్లుని వర్క్‌షాపులో చూపించకుండా ముట్టుకోను.

ఈ పరీక్షలో నెగ్గితే మొదట డబ్బు పెట్టాల్సింది నారికీ కేబుల్‌కీ. బాగా వాడే విల్లుకి రెండు మూడేళ్లకి అవి మార్చాల్సిందే. చాలామంది విల్లు పాతబడిందని అనుకునేది నిజానికి నారి సాగిపోవడమే. సింగిల్ క్యామ్‌లో ఈ జబ్బు మరీ ఎక్కువ, ఎందుకంటే దాని నారి చాలా పొడవు. కొంచెం సాగినా పీప్ తిరిగిపోతుంది, లాగి చూస్తే కన్నానికి బదులు అంచు కనిపిస్తుంది. నాదీ అలాగే అయింది. ముందే సాగదీసి కట్టిన నారి వేయించాక పీప్ కదల్లేదు, లాగే బరువు మళ్లీ 60కి వచ్చింది. దాంతోపాటు డ్రాప్ అవే రెస్ట్ (బాణం వదలగానే కిందికి వాలే ఆసరా) పెట్టించి, కాగితం గుండా బాణాలు వేసి ట్యూన్ చేయిస్తే, బ్రాడ్‌హెడ్‌లు సాధనకి వాడే మొనలు, ఫీల్డ్ పాయింట్లు పడ్డచోటే పడుతున్నాయి. ఇదంతా కలిపినా కొత్త విల్లు ఖరీదులో చిన్న ముక్కే.

మరీ పాతవాటికి ఈ వైద్యం పనికిరాదు. కాంపౌండ్ విల్లుకి హాలెస్ విల్బర్ ఆలెన్ పేటెంట్ వచ్చింది 1969లో. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు నారి చివర్లు స్టీలు కేబుళ్లకి తగిలించే విళ్లు వచ్చాయి. అలాంటిది ఇంట్లో ఉంటే దానికి ఈనాటి సాగని నారి కట్టకండి. లింబు కొనలు ఆ దెబ్బకి ఆగవు. గోడకి తగిలించుకోండి, వేటకి వేరేది చూసుకోండి.

పాతదాన్ని నిజంగా పక్కన పెట్టించే ఇంకో చిక్కు స్పేర్ పార్టులు. చాలా క్యామ్‌లలో డ్రా లెంగ్త్ మార్చాలంటే దానికి తగ్గ మాడ్యూల్ (క్యామ్ మీద బిగించే ముక్క) కావాలి. మోడల్ ఆగిపోయిన కొన్నేళ్లకి అవి దొరకవు. నాకు 28.5 మాడ్యూల్ ముందే ఉంది కాబట్టి బతికిపోయాను. మీ కొలత మారి, మాడ్యూల్ దొరక్కపోతే ఆ విల్లుతో కుస్తీ పట్టొద్దు. సరిపడని డ్రా లెంగ్త్‌తో ఎంత ఖరీదైన గురి సైట్ పెట్టినా బాణం గుంపుగా పడదు. అసలు మీ కొలతేంటో తెలియకపోతే, రెండు చేతులూ బార చాపి అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. అటూఇటూగా అదే.

కాబట్టి ఈ సీజన్‌కి నేను మార్చడం లేదు. దూదికి పీచు తగిలిన రోజునో, 15 పౌండ్లు పట్టుకోవడం భుజానికి కష్టమైన రోజునో మారుస్తాను. అప్పుడు కూడా తాజా మోడల్ అడగను, సెకండ్ హ్యాండ్ అంతకంటే అడగను. లింబుల వారంటీ సాధారణంగా మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది, చేతులు మారితే పోతుంది. షాపులో అమ్ముడుపోకుండా మిగిలిన నిరుటి మోడల్ ఉందా అని అడుగుతాను.