యూనివర్సిటీ లైబ్రరీ మీద ఫిర్యాదులు: విడిగా జవాబివ్వడం మేలా, అందరికీ కనబడేలా ఇవ్వడం మేలా?

యూనివర్సిటీ లైబ్రరీకి వచ్చే ఫిర్యాదులు వరసగా చదువుతూ పోతే పుస్తకాల మాట తక్కువ, గది మాట ఎక్కువ. సీట్లు లేవు, ప్లగ్ పాయింట్ పనిచేయదు, వైఫై రాదు, పక్క టేబుల్ వాళ్లు నోరు మూయరు, ఏసీ వణికిస్తోంది, టాయిలెట్ కంపు, తొందరగా మూసేస్తున్నారు. పుస్తకం గురించి వచ్చినా ఎక్కువగా ఒకటే: సిలబస్ పుస్తకం ఒక్క కాపీ ఉంది, అది ఎప్పుడు అడిగినా ఎవరి దగ్గరో ఉంటుంది.

వీటికి లైబ్రరీ జవాబు చెప్పే పద్ధతులు నాలుగు. రాసినవారికి విడిగా మెయిల్ పంపడం ఒకటి. ఫిర్యాదునూ జవాబునూ పక్కపక్కన బోర్డు మీదో వెబ్‌సైట్‌లోనో పెట్టడం ఇంకొకటి. విద్యార్థి ప్రతినిధులు కూర్చునే లైబ్రరీ కమిటీకి పంపడం మూడోది. ఏడాదికోసారి సర్వే చేసి అన్నిటికీ కలిపి నివేదిక ఇవ్వడం నాలుగోది. నా పక్షం ముందే చెప్పేస్తాను. గది గురించిన ఫిర్యాదుకు బోర్డు జవాబే మేలు. ఒక మనిషికి సంబంధించిన ఫిర్యాదుకు విడి జవాబే మేలు. డబ్బు కావలసినవి కమిటీకి పోవాలి. సర్వే వేరే పనికి పనికొస్తుంది, అసలు దాన్ని జవాబు అనలేం.

విడి మెయిల్ ఎక్కడ మేలు

తిరిగి ఇచ్చేసిన పుస్తకానికి ఫైన్ పడింది. కౌంటర్‌లో ఒకరు దురుసుగా మాట్లాడారు. ర్యాంప్ ఉన్న గేటు సాయంత్రం తాళం వేసేస్తున్నారు కాబట్టి వీల్‌చైర్‌లో వచ్చే విద్యార్థి బయటే ఆగిపోవాల్సి వస్తోంది. చూపు లేని విద్యార్థికి కావలసిన పుస్తకం, తెర మీది అక్షరాలను బయటికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ చదవలేని స్కాన్ కాపీగా ఉంది. ఇలాంటివాటిని పేరు తీసేసి బోర్డు మీద పెట్టినా ఎవరి సంగతో క్లాసంతా పోల్చేస్తుంది. వీటిని ఆ మనిషితోనే మాట్లాడాలి, వీలైతే మెయిల్ కూడా కాకుండా ఎదురుగా కూర్చుని.

పైగా వీటిలో పరిష్కారం కూడా ఆ ఒక్కరికే. ఫైన్ రద్దు చేస్తే ఆ విద్యార్థి ఖాతాలో రద్దవుతుంది. చూపు లేని విద్యార్థికి ఆ పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చి ఇవ్వాలి. చూపు లేనివారికి పుస్తకాలు అందడం కోసం కుదిరిన 2013 నాటి మర్రకేష్ అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశాల్లో దీనికి కాపీరైట్ మినహాయింపు ఉంది, కాబట్టి ‘కాపీరైట్ ఒప్పుకోదు’ అని వెంటనే కొట్టిపారేయడం సరికాదు. ర్యాంప్ గేటు విషయం మాత్రం రెండు చోట్లా ఉండాలి. ఆ విద్యార్థికి విడిగా మాట ఇవ్వాలి, గేటు వేళలు అందరికీ తెలిసేలా రాయాలి.

విడి మెయిల్ తేలిపోయేది మిగతా వాటి దగ్గర. ఒకే సంగతి ముప్పై మంది అడిగితే ముప్పై మెయిళ్లు రాయాలి. రాసేవాళ్లు ముగ్గురైతే మూడు రకాల జవాబులు వెళ్తాయి. చివరికి అందరూ ‘మీ ఫిర్యాదు అందింది, పరిశీలనలో ఉంది’ అనే ఒక్క వాక్యానికి వచ్చి ఆగుతారు. సాఫ్ట్‌వేర్‌లో ఫిర్యాదు టికెట్ క్లోజ్ అవుతుంది, కుర్చీ మాత్రం రాదు.

సీటు గొడవ దగ్గర తేలిపోతుంది

నాలుగు పద్ధతుల బలాబలాలు సీటు ఫిర్యాదు దగ్గర తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియవు. ‘సీట్లు లేవు’ అని విద్యార్థి రాస్తాడు. హాలులోకి వెళ్లి చూస్తే మనుషులు లేని కుర్చీలు చాలానే ఉంటాయి, కాకపోతే వాటి ముందు బ్యాగు, నీళ్ల సీసా, తెరిచి పెట్టిన నోట్సు. సీటు పట్టుకున్నవారు క్లాసుకో భోజనానికో వెళ్లారు, కొందరు రెండు గంటలైనా రారు.

ఇప్పుడు ఈ ఫిర్యాదుకు విడిగా మెయిల్ రాస్తే అది ఎవరికి వెళ్తుంది? సీటు దొరకనివాడికి. కానీ ఆ జవాబు చేరాల్సింది బ్యాగు పెట్టి వెళ్లినవాడికి. గది ఫిర్యాదుల్లో చాలావాటి స్వభావమే ఇది. బాధపడేదీ విద్యార్థే, కారణమూ ఇంకో విద్యార్థే. ఒక్కోసారి ఇద్దరూ ఒక్కరే, పొద్దున బ్యాగు పెట్టి వెళ్లినవారే సాయంత్రం సీటు లేదని రాస్తారు. అందరూ చదివేచోట పెట్టని జవాబు ఇక్కడ సగం దారిలోనే ఆగిపోతుంది.

పరిష్కారంలోనూ పోలిక ఉంది. విద్యార్థి సంఘాలు ఎక్కువగా అడిగేది 24 గంటలూ తెరవమని. వినడానికి పెద్ద విజయంలా ఉంటుంది, పోస్టరు మీద బాగుంటుంది. కానీ మధ్యాహ్నం రెండింటికి సీటు దొరకనివారికి రాత్రి రెండింటికి తెరిచిన హాలు ఏం చేస్తుంది? రాత్రి తెరవాలంటే సిబ్బంది, సెక్యూరిటీ, శుభ్రం చేసేవాళ్లు, దూరంగా ఉండేవాళ్లు ఇల్లు చేరే దారి, అన్నీ కావాలి. బ్యాగు నియమానికి ఇదంతా అక్కర్లేదు. మనిషి లేని సీటు ముందు టైము రాసిన చీటీ పెడతారు. అరగంటో నలభై ఐదు నిమిషాలో గడిచినా రాకపోతే సామాను కౌంటర్‌కు చేరుతుంది, సీటు వేరేవారిది. నేనైతే ముందు ఇది చేసి చూడమంటాను. పరీక్షల రోజుల్లో రాత్రి వేళలు పెంచడం తర్వాతి మాట.

అయితే నియమం పెట్టేముందు లెక్క తీయాలి. గంట గంటకూ మూడు అంకెలు చాలు: మనుషులున్న సీట్లు, ఖాళీ సీట్లు, బ్యాగులు మాత్రమే ఉన్న సీట్లు. గేటు దగ్గర మనుషులను లెక్కపెట్టే యంత్రం ఎంతమంది వచ్చారో చెబుతుంది గానీ ఎంతమంది ఎంతసేపు కూర్చున్నారో చెప్పదు. అందుకే నడిచి లెక్కపెట్టక తప్పదు. ఆ అంకెలను ఫిర్యాదు పక్కనే బోర్డు మీద పెడితే వాదన సగం చల్లారుతుంది. ఎన్ని సీట్లు మనుషుల కోసం, ఎన్ని బ్యాగుల కోసం ఉన్నాయో విద్యార్థులే చూసుకుంటారు. ఏ అంతస్తు ఏ వేళ ఖాళీగా ఉంటుందో తెలిస్తే కొందరు ఆ వేళకే వస్తారు కూడా. పాఠకుడి సమయం ఆదా చేయమనేది 1931లో భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ లైబ్రరీల కోసం చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది. సీటు కోసం మూడు అంతస్తులు తిరిగేవారికి ఈ చిన్న పట్టిక అదే చేస్తుంది.

మాటలు, చలి, వైఫై

శబ్దం గురించి రెండు వైపుల నుంచీ ఫిర్యాదులు వస్తాయి. ఒకరు గోలగా ఉందంటారు, ఇంకొకరు గ్రూప్ ప్రాజెక్టు చేసుకుంటుంటే కసిరారంటారు. విడివిడిగా జవాబిస్తే ఇద్దరికీ సారీ చెప్పి పంపడమే అవుతుంది. రెండు ఫిర్యాదులూ బోర్డు మీద పక్కపక్కనే కనబడితే మాత్రం, ఒకే హాలు ఇద్దరికీ సరిపోదని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అప్పుడు మార్గం అంతస్తులు పంచడమే. మెట్లు, ప్రింటర్లు, కౌంటర్ ఉన్న కింది అంతస్తు ఎలాగూ నిశ్శబ్దంగా ఉండదు, మాట్లాడుకునేవారికి అదే ఇవ్వాలి. పై అంతస్తు మౌనానికి. ‘నిశ్శబ్దం పాటించండి’ బోర్డులు ఇంకో పది తగిలించడం కన్నా ఇది ఎంతో నయం.

ఏసీ సంగతి మరీ విచిత్రం. ఒకేరోజు ‘గడ్డకట్టుకుపోతున్నాం’ అనీ ‘ఉక్కపోస్తోంది’ అనీ రెండూ వస్తాయి, రెండూ నిజమే అయుండొచ్చు, గాలి వచ్చే చోటును బట్టి. తరచూ ఏసీ లైబ్రరీ చేతిలో ఉండదు, ఇంజనీరింగ్ విభాగం చేతిలో ఉంటుంది. అలాగని ‘మా పరిధిలో లేదు’ అని రాయకూడదు. ఏ విభాగానికి ఏ తేదీన పంపామో, వాళ్లు ఏమన్నారో రాయాలి. విద్యార్థికి లైబ్రరీ ఒక్కటే తెలుసు, లోపలి విభాగాలతో అతనికి పని లేదు.

వైఫై దగ్గర బోర్డు తొందరపడకూడదు, ముందు ప్రశ్న అడగాలి. మూడు రకాల ఇబ్బందులకు ‘వైఫై రావట్లేదు’ అనే ఒకే మాట వాడతారు. సిగ్నల్ అందకపోవడం ఒకటి. సిగ్నల్ ఉన్నా వైఫై అందించే ఒకే పరికరం (యాక్సెస్ పాయింట్) మీద ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ కిక్కిరిసిపోవడం ఇంకొకటి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు సాధారణంగా మూడే, అందుకే నిండిన హాలులో నెట్ స్పీడు పెంచినా తేడా తెలియకపోవచ్చు, 5 గిగాహెర్ట్జ్‌కు మారితే తెలుస్తుంది. మూడోది అసలు వైఫై కాదు, హాస్టల్ నుంచి జర్నల్ తెరుచుకోకపోవడం. అది లాగిన్ గొడవ, లేదా క్యాంపస్ బయటి నుంచి లైబ్రరీ నెట్‌వర్క్‌లోకి చేర్చే ప్రాక్సీ, వీపీఎన్‌ల గొడవ. ఏ అంతస్తు, ఏ వేళ, ఏ పరికరం అని అడిగే చిన్న ఫారం బోర్డు పక్కనే ఉండాలి.

కమిటీకి ఏవి పంపాలి

కమిటీకి ఉన్న బలం బడ్జెట్. ఉన్న బలహీనత క్యాలెండర్. సెమిస్టర్‌కో సమావేశమంటే పరీక్షల ముందు వచ్చిన ఫిర్యాదుకు పరీక్షలయ్యాక జవాబు వస్తుంది. ప్రతినిధి ఫైనలియర్ అయితే నిర్ణయం వచ్చేసరికి అతను క్యాంపస్‌లోనే ఉండడు. అందుకని కుర్చీ విరిగింది, ట్యూబ్‌లైట్ కొట్టుకుంటోంది వంటివి అక్కడికి పంపడం అంటే వాయిదా వేయడమే.

సిలబస్ పుస్తకం ఒక్క కాపీ ఉందన్న ఫిర్యాదు మాత్రం కమిటీ సరుకే. అక్కడ మూడు దారులు తూచాలి. ఎక్కువ కాపీలు కొనడం తేలికైన జవాబు, కానీ సిలబస్ మారిన ఏడాదికి అవి షెల్ఫులో పడుంటాయి. రెండు గంటలకో ఒక్క రాత్రికో మాత్రమే ఇచ్చే రిజర్వ్ పద్ధతి ఖర్చులేనిది, ఒకే కాపీ రోజుకు చాలామంది చేతులు మారుతుంది, నా ఓటు ముందు దీనికే. మూడోది ఈబుక్. ఈబుక్ కొంటే అందరూ ఒకేసారి తెరవొచ్చని విద్యార్థులు అనుకుంటారు. లైసెన్సులు అలా ఉండవు. ఒకేసారి ఒక్కరికే, ముగ్గురికే అనే పరిమితులు ఉంటాయి, కొన్ని పాఠ్యపుస్తకాలను ప్రచురణకర్తలు లైబ్రరీలకు ఆ రూపంలో అమ్మనే అమ్మరు. 2020లో బ్రిటన్ యూనివర్సిటీ లైబ్రేరియన్లు ఈబుక్ ధరల మీద, లైసెన్సుల మీద బహిరంగంగా ఉద్యమించిందీ ఇందుకే. ఈ సంగతి బోర్డు మీద నాలుగు వాక్యాల్లో రాస్తే ‘ఈబుక్ కొనొచ్చుగా’ అనే ఫిర్యాదులు తగ్గుతాయి, కనీసం కోపం సరైన చోటికి పోతుంది.

ఫైన్ల విధానం కూడా కమిటీదే. ఆలస్యపు ఫైన్లు ఉండాలా అనే ప్రశ్న ఇప్పుడు చిన్నది కాదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2019లో వాటిని సామాజిక అసమానతగా గుర్తిస్తూ తీర్మానమే చేసింది.

సర్వే సంగతి

లైబ్రరీ సేవల నాణ్యతను వాడేవారినే అడిగి కొలిచే, 2000లో మొదలైన లిబ్‌క్వాల్ ప్లస్ లాంటి సర్వేలు తెలివైనవే. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు జవాబులు: కనీసం ఎంత ఉండాలి, ఎంత కోరుకుంటున్నారు, ఇప్పుడు ఎంత ఉంది. గొంతెత్తేవారి ఫిర్యాదు మిగతావారిదీ అవునో కాదో దీంతో తెలుస్తుంది. విసుగెత్తి లైబ్రరీకే రావడం మానేసినవారి మాట వినడానికి ఇలాంటిది తప్ప వేరే దారి దాదాపు లేదు. కానీ ఫిబ్రవరిలో టాయిలెట్ గురించి రాసినవారికి డిసెంబరులో గ్రాఫు చూపిస్తే ఏమంటారో ఊహించుకోవచ్చు.

‘కుదరదు’ అని రాయడం

బోర్డు పద్ధతిలో ఒక మోసం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. ‘మీరు అడిగారు, మేం చేశాం’ అంటూ చేసినవి మాత్రమే పెట్టే బోర్డులు చాలా చూస్తాం. కొత్త ఫ్యాన్లు, కొత్త డస్ట్‌బిన్‌లు, పక్కన చిరునవ్వుల ఫొటో. అది ప్రచారం, జవాబు కాదు. బోర్డు నిజాయితీని కొలవాలంటే దాని మీద ‘కుదరదు’ అన్న జవాబులు ఎన్ని ఉన్నాయో చూడండి.

24 గంటలూ తెరవమన్న కోరికకు రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది: ‘మీ విలువైన సూచనకు ధన్యవాదాలు. తగిన చర్యలు తీసుకోబడతాయి.’

రెండోది: ‘ఈ ఏడాది కుదరదు. రాత్రి షిఫ్టుకు సిబ్బంది, సెక్యూరిటీ మంజూరు కాలేదు. పరీక్షల రోజుల్లో కింది హాలు రాత్రి 12 దాకా తెరుస్తాం, ఎంతమంది వచ్చారో మర్నాడు ఇక్కడే రాస్తాం. ఆ లెక్కతో వచ్చే బడ్జెట్ సమావేశంలో మళ్లీ అడుగుతాం. ఈ జవాబు సరిపోదనిపిస్తే లైబ్రరీ కమిటీకి రాయవచ్చు. – సర్క్యులేషన్ విభాగం.’

మొదటిదాని మీద ఎవరూ ఏమీ అడగలేరు, అందుకే అధికారులకు అది ఇష్టం. రెండోదాని మీద అడగొచ్చు. ఫిర్యాదుల నిర్వహణపై ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10002 కూడా దాదాపు ఇదే క్రమం చెబుతుంది: అందిందని తెలపాలి, నిర్ణయం చెప్పాలి, తృప్తి కలగకపోతే ఇంకెక్కడికి వెళ్లొచ్చో చెప్పాలి.

రాతపూర్వకంగా ఒప్పుకుంటే రేపు మన మీదికే వస్తుందనే భయం లైబ్రరీ పెద్దల్లో ఉంటుంది. అర్థం చేసుకోదగ్గదే. కానీ టాయిలెట్ ఫొటో విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో అప్పటికే తిరిగేసి ఉంటుంది, అక్కడ లేనిది లైబ్రరీ మాట ఒక్కటే. బోర్డు మీద పెట్టేటప్పుడు సిబ్బంది పేర్లు, బూతులు తీసేయాలి. ఫిర్యాదులోని ఘాటు మాత్రం తీయకూడదు. ‘టాయిలెట్ భరించలేని కంపు’ అని రాస్తే దాన్ని ‘పారిశుధ్యం మెరుగుపరచవలసిందిగా కోరిక’ అని మార్చితే రాసినవారే గుర్తుపట్టలేరు.

ఇక పనివాళ్లు తక్కువున్న లైబ్రరీ అయితే, నాలుగూ చేయబోయి ఏదీ చేయలేకపోవడం కన్నా ఒక క్రమం పెట్టుకోవడం మంచిది. మనిషికి సంబంధించినవి లైబ్రేరియన్ అదే రోజు చూడాలి. గది ఫిర్యాదులకు విడి మెయిల్ పూర్తిగా మానేసి, ‘జవాబు శుక్రవారం బోర్డు మీద’ అని ఒక్క వాక్యం పంపితే చాలు. ఆ శుక్రవారానికి జవాబు తయారుకాకపోతే ఎందుకు కాలేదో, మళ్లీ ఎప్పుడో ఆ చోటే రాయాలి, ఖాళీగా మాత్రం వదలకూడదు.