300డీ, 5డీ, ఆర్6: మూడు బాడీలు వాడాక ధరల గురించి నా అభిప్రాయం

ఏటికేడు కెమెరాల ధరలు పడిపోతాయి, ఇంకొన్నాళ్లు ఆగితే ఇంకా చవగ్గా వస్తాయి అని ఎదురుచూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మూడు తరాల కానన్ బాడీలు (అంటే లెన్స్ కాకుండా ఒట్టి కెమెరాలు) ఏళ్ల తరబడి వాడాక నేను చెప్పేదొకటే: ధర పడాల్సినంతా ఎప్పుడో పడిపోయింది. ఇప్పుడు అదే డబ్బుకి కెమెరా చేసే పని పెరుగుతోంది. అది మెగాపిక్సెళ్లు చూస్తే తెలిసేది కాదు.

300డీ 2003లో వచ్చింది. బాడీ 899 డాలర్లు, కెమెరాతో పాటే ఇచ్చే 18-55 కిట్ లెన్స్‌తో కలిపితే 999. అంతకుముందు వెయ్యి డాలర్లలోపు డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగల డిజిటల్ కెమెరా) అన్నదే లేదు. 1991లో కొడాక్ వాళ్లు నికాన్ ఎఫ్3 బాడీకి 1.3 మెగాపిక్సెళ్ల సెన్సర్ (వెలుతురుని ఫొటోగా మార్చే చిప్) తగిలించి అమ్మిన డీసీఎస్ ధర 20 వేల డాలర్ల పైమాటే. దాని స్టోరేజీ యూనిట్‌ని వేరే పెట్టెలో భుజాన మోసుకు తిరగాల్సి వచ్చేది. 1999లో నికాన్ డీ1 వచ్చేసరికి ధర ఐదు వేల డాలర్ల స్థాయికి దిగింది, అదీ 2.7 మెగాపిక్సెళ్లకి. ఇంకో నాలుగేళ్లకే 6.3 మెగాపిక్సెళ్లు 899కి దొరికాయి. నిజంగా ధర పడిందంటే ఈ పన్నెండేళ్లలోనే.

300డీలో ఏడు ఫోకస్ పాయింట్లు, సెకనుకి రెండున్నర ఫ్రేములు, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 1600 వరకు. వరసగా నాలుగు ఫ్రేములు తీస్తే బఫర్ (ఫొటోల్ని కాసేపు దాచుకునే మెమరీ) నిండిపోతుంది, కార్డు మీదికి రాసుకునేదాకా ఆగాలి. వెనకున్న స్క్రీన్ 1.8 అంగుళాలు, ఫోకస్ సరిగ్గా కుదిరిందో లేదో దాంట్లో తేల్చుకోలేం, కంప్యూటర్‌లో వేసుకుని చూడాల్సిందే. అయినా పగటి వెలుతురులో ఐఎస్‌ఓ 100 మీద అది తీసిన ఫొటోలు ఇవాళ ప్రింటు వేసినా బాగుంటాయి. ఏ4 సైజుకి ఆరు మెగాపిక్సెళ్లు చాలు. ఈ మాట నేను ప్రింట్లు చూసి చెబుతున్నాను.

ఐఎస్‌ఓ 1600కి వెళ్తే మాత్రం కథ వేరు. నల్లజుట్టులో, ముదురు రంగు బట్టల మడతల్లో ఎరుపు, నీలం చుక్కలు తేలేవి. నీడని కొంచెం పైకి లాగితే అడ్డంగా చారలు కూడా కనిపించేవి. ఆ ఫైళ్లలో కొన్నిటిని రా ఫార్మాట్‌లో (సెన్సర్ ఇచ్చిన డేటాని ఉన్నదున్నట్టు ఉంచే ఫైలు) దాచిపెట్టాను. ఈమధ్య వాటిని ఏఐతో నాయిస్, అంటే ఆ చుక్కల్ని, తగ్గించే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ తెరిచాను. రంగు చుక్కలు పోయాయి, జుట్టు వెంట్రుకలుగా విడివిడిగా కనిపించింది. కెమెరా పాతదే, ఫైలు పాతదే, ఫొటో బాగుపడింది. అందుకే పాత బాడీ వాడేవాళ్లకి గట్టిగా చెబుతాను, కార్డులో చోటు తక్కువైనా జేపెగ్‌తో సరిపెట్టుకోవద్దు, రా తీయండి.

5డీ నా దృష్టిలో ఈ మొత్తం ప్రయాణంలో అతి పెద్ద మలుపు. 2005లో 3,299 డాలర్లు, 12.8 మెగాపిక్సెళ్లు, ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్). దానికి ముందు కానన్‌లో ఫుల్ ఫ్రేమ్ కావాలంటే ఎనిమిది వేల డాలర్లు పలికే 1డీఎస్ వరసే గతి. ఫుల్ ఫ్రేమ్ అంత ఖరీదు ఎందుకంటే ఆ సెన్సర్ విస్తీర్ణం 300డీలాంటి బాడీల్లో ఉండే చిన్న సెన్సర్‌కి రెండున్నర రెట్లు. ఒక సిలికాన్ వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలక) మీద కొన్నే పడతాయి, లోపం వల్ల సెన్సర్ పనికిరాకుండా పోయే అవకాశమూ ఎక్కువ. చిప్ తయారీ ఎంత మెరుగుపడినా ఈ లెక్క పూర్తిగా మాయం కాదు. ఫుల్ ఫ్రేమ్ బాడీలు చిన్న సెన్సర్ బాడీలంత చవక కాకపోవడానికి అదొక కారణం.

ఒక్క బల్బు వెలిగే గదిలో 50 ఎంఎం లెన్స్‌తో, ఫ్లాష్ లేకుండా, చర్మం రంగు చర్మం రంగులా వచ్చింది 5డీతోనే. ఆ బాడీ మీద నాకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

ఆర్6 మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా, 2020లో 2,499 డాలర్లకి వచ్చింది. 20 మెగాపిక్సెళ్లు. పదిహేనేళ్లలో మెగాపిక్సెళ్లు రెట్టింపు కూడా కాలేదు, ధర ఇంచుమించు పావు వంతు మేర తగ్గింది. ఆ కాగితం లెక్క చూసి ఇంతేనా అనుకుంటే పొరపాటు. కొమ్మల మధ్య కూర్చున్న పిట్టని 5డీతో తీయాలంటే మధ్య పాయింట్‌ని దాని మీదే పెట్టి ఊపిరి బిగబట్టాలి. అది తల తిప్పినా, మనం కాస్త కదిలినా ఫోకస్ ముందున్న పుల్ల మీదికి పోతుంది. ఆర్6 వ్యూఫైండర్‌లో చిన్న చదరం నేరుగా పిట్ట కంటి మీద వాలుతుంది. పిట్ట తల తిప్పితే తలని పట్టుకుంటుంది, మళ్లీ ఇటు చూడగానే కంటి మీదికి వస్తుంది. అప్పుడు ఫోకస్ గురించి ఆలోచించే పనే లేదు, ఫ్రేము గురించి ఆలోచించొచ్చు. దానికి తోడు బాడీలోనే స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకుని సరిదిద్దే ఏర్పాటు). ఐఎస్‌ఓ 6400 ఇప్పుడు నాకు మామూలు సెట్టింగ్ అయిపోయింది.

లోటుపాట్లు మిర్రర్‌లెస్ కెమెరాలన్నిటికీ ఉన్నవే. వ్యూఫైండరే ఒక స్క్రీన్ కాబట్టి బ్యాటరీ డీఎస్‌ఎల్‌ఆర్ కంటే త్వరగా అయిపోతుంది. రెండోది జేబులో ఉండాలి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకి 20 ఫ్రేములు వస్తాయి కానీ, సెన్సర్‌ని వరస వరసగా చదవడం వల్ల వేగంగా తిరిగే బ్యాటు వంగినట్టు పడుతుంది. ఆటలు తీసేవాళ్లు మెకానికల్ షట్టరే వాడుకోవాలి, దాంతోనూ 12 ఫ్రేములు వస్తాయి.

ఇక ధరలు మళ్లీ ఎందుకు పైకి చూస్తున్నాయంటే, ఫోన్ల వల్ల. 2010లో ప్రపంచమంతా కలిపి 12 కోట్ల డిజిటల్ కెమెరాలు సరఫరా అయ్యాయి. 2020లో ఆ లెక్క కోటి కూడా దాటలేదు. జేబులో పట్టే చిన్న కెమెరాలు కొనేవాళ్లు ఫోన్లకి వెళ్లిపోయాక, కంపెనీలు తక్కువ సంఖ్యలో ఎక్కువ ధర బాడీలు అమ్మే దారి పట్టాయి. మొదటి కెమెరా కొనేవాళ్లకి దారులు మూసుకుపోయాయని కాదు. 2023లో ఆర్50 బాడీ 680 డాలర్లకే వచ్చింది, 24 మెగాపిక్సెళ్లు, కంటిని పట్టే ఫోకస్ కూడా ఉంది. డాలరు విలువ తగ్గడాన్ని కలుపుకుంటే 300డీ ధరలో సగం కూడా కాదు. కానీ దానికి తగిన మంచి లెన్స్ కొనడానికి వెళ్తే బాడీ కంటే ఎక్కువ అడుగుతారు.

అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే లెన్స్ మీదే అంటాను. కానన్ ఈఎఫ్ మౌంట్ (బాడీకి లెన్స్ తగిలించే అమరిక) 1987 నుంచి ఉంది. 300డీ మీద వాడిన నా 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సే 5డీ మీదా వాడాను, ఇప్పుడు అడాప్టర్‌తో ఆర్6 మీద కూడా ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తోంది. కదలని వస్తువులు, ప్రకృతి దృశ్యాలు, మనుషుల్ని నిలబెట్టి తీసే ఫొటోలు మీ పని అయితే, సెకండ్ హ్యాండ్‌లో ఏదైనా పాత ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకుని మిగిలిన డబ్బుతో లెన్స్ కొనండి. పిట్టలు, పరుగెత్తే పిల్లలు, ఆటలు అయితే మాత్రం మిర్రర్‌లెస్‌కే వెళ్లండి. అక్కడ పాత బాడీ ఎంత చవగ్గా వచ్చినా చేతికందే ఫొటోలు తక్కువ.