ఎమ్‌హెచ్‌కెమ్: ఖాళీ ఒక్కటి జారితే అయాన్ మారిపోతుంది

కోడ్ రాసి పత్రాన్ని అచ్చుకు కూర్చే లాటెక్‌లో మామూలు మ్యాథ్ మోడ్‌తో (గణిత సూత్రాలు రాసే పద్ధతితో) సల్ఫేట్ అయాన్ రాయాలంటే డాలర్ గుర్తులు, అండర్‌స్కోర్లు, ఫ్లవర్ బ్రాకెట్లు వరసగా పేర్చాలి. ఇంతా చేశాక మూలకాల సంకేతాలు వాలుగా పడతాయి. వాలు అక్షరమంటే చలరాశి. రసాయన సంకేతం నిటారుగానే ఉండాలి. వర్డ్ ఈక్వేషన్ పెట్టెలోనూ ఇదే తంటా, ప్రతి ఫార్ములానూ సెలెక్ట్ చేసి నార్మల్ టెక్స్ట్ నొక్కాల్సిందే.

రసాయన ఫార్ములాల కోసం లాటెక్‌కు జోడించే ఎమ్‌హెచ్‌కెమ్ ప్యాకేజీ ఈ చాకిరీ తప్పిస్తుంది. లోడ్ చేసేటప్పుడు వెర్షన్ 4 అని ఆప్షన్ ఇవ్వడం మరవొద్దు. ఆ తర్వాత బ్యాక్‌స్లాష్, చిన్నబడి సీ, ఈ. ఫ్లవర్ బ్రాకెట్లలో కాగితం మీద రాసే వరసలోనే ఫార్ములా. అక్షరానికి అంటుకున్న అంకె సబ్‌స్క్రిప్ట్ అవుతుంది, సమ్మేళనం ముందున్నది గుణకంగా లైనులోనే నిలుస్తుంది. కాపర్ సల్ఫేట్ స్ఫటిక జలానికి నక్షత్రం గుర్తు పెడితే మధ్య చుక్క వస్తుంది, దాని వెనకున్న 5 కిందికి దిగదు. త్రిబంధానికి #.

చిక్కంతా ఆవేశాల దగ్గరే. ఫెర్రస్ అయాన్‌కు "ఎఫ్ఈ2+" అని కొడితే 2 కిందికి, ప్లస్ పైకి పోయి, రెండు ఇనుము పరమాణువులకు కలిపి ఒక ధనావేశం అచ్చవుతుంది. "ఎఫ్ఈ^2+" అనాలి. సల్ఫేట్‌లో ఆ టోపీ గుర్తు మరిచారో, 42 ఆక్సిజన్ పరమాణువులున్న అయాన్ తయారు! ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. తప్పు కూడా ముత్యాల్లాంటి అచ్చులో వస్తుంది కాబట్టి ప్రూఫు చూసేవాళ్ల కన్ను దాటిపోతుంది. ఈ ప్యాకేజీ మీద ఉన్న అసలు ఫిర్యాదు ఇదొక్కటే, చిన్నది మాత్రం కాదు.

ఖాళీలదీ అదే దారి. అంటుకున్న ప్లస్ ఆవేశం, అటూఇటూ ఖాళీ ఉన్న ప్లస్ కూడిక. అవక్షేపం బాణానికి ఖాళీ వదిలి చిన్నబడి వీ కొట్టాలి. ఖాళీ లేకపోతే సిల్వర్ క్లోరైడ్ తోకకు ఓ అక్షరం తగులుకుంటుంది. వెలువడే వాయువుకు ఖాళీ వదిలి ^.

చర్య బాణాలు మాత్రం హాయి. -> మామూలు బాణం, <=> ద్విగత చర్య, <=>> అంటే సమతాస్థితి కుడివైపు మొగ్గినట్టు. బాణం వెంటనే చదరపు బ్రాకెట్లు రెండు పెడితే మొదటిదానిలోది పైన, రెండోదానిలోది కింద కూర్చుంటుంది. ఉత్ప్రేరకం పేరు పొడవైతే బాణం తనే సాగుతుంది.

వెబ్ పేజీల్లోనూ ఇదే రాత చెల్లుతుంది. వెబ్ పేజీలో సూత్రాలను చూపించే మ్యాథ్‌జాక్స్‌కు ఎక్స్‌టెన్షన్ ఉంది. అలాంటిదే అయిన కాటెక్‌కు ఎమ్‌హెచ్‌కెమ్ ఫైలు విడిగా ఎక్కించాలి, అదీ కాటెక్ తర్వాత, రెండరింగ్ మొదలవకముందు. వరస తప్పితే ఫార్ములా అసలు ఏర్పడదు.

తెలుగు పత్రంలో ఫార్ములా అక్షరాలు మాయమైతే ప్యాకేజీని తిట్టేముందు ఫాంటు చూడండి. లాటిన్ అక్షరాలు లేని తెలుగు ఫాంటును ప్రధాన ఫాంటుగా పెడితే అలా జరగొచ్చు. ఫాంట్లు ఎంచుకునే ప్యాకేజీ ఫాంట్‌స్పెక్‌లో గణిత రోమన్ ఫాంటు వేరుగా ఇస్తే సరి.

శీర్షికలో ఫార్ములా పెడితే పీడీఎఫ్ బుక్‌మార్క్ పాడవుతుంది. లింకులు, బుక్‌మార్క్‌లు చూసుకునే హైపర్‌రెఫ్ ప్యాకేజీలోని టెక్‌ఆర్‌పీడీఎఫ్‌స్ట్రింగ్ కమాండ్‌తో అచ్చుకొకటి, బుక్‌మార్క్‌కు మామూలు అక్షరాలతో మరొకటి ఇవ్వాలి.

గుణకానికీ ఫార్ములాకూ మధ్య ఖాళీ కచ్చితంగా అడిగే కెమ్‌ఫార్ములా ప్యాకేజీ ఇంకొకటి ఉంది. క్రమశిక్షణ నచ్చేవాళ్లకు అది బాగుంటుంది. బెంజీన్ వలయం లాంటి నిర్మాణ చిత్రాలు కావాలంటే కెమ్‌ఫిగ్‌కు వెళ్లాల్సిందే, ఎమ్‌హెచ్‌కెమ్ పని ఒక లైనులో ఇమిడే రసాయనం వరకే.