అంకె మార్చే ముందు ఫోన్ చేసే డీటీపీ షాపు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సందులో, మెట్లెక్కి పోతే ఒక చిన్న డీటీపీ షాపు. నేను డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. 1937లో చైనాలోని నాన్జింగ్ నగరంలో జపాన్ సైన్యం చేసిన మారణకాండ మీద వాళ్లకోసం రాసిన 48 పేజీల పుస్తకం ఇక్కడే వేయించాను.

రెండో ప్రూఫు నాటి రాత్రి ఆపరేటర్ పిల్లోడు ఫోన్ చేసినాడు. "మేడం, 11వ పేజీలో చచ్చిపోయినోళ్లు మూడు లక్షలని ఉంది. 19లో రెండు లక్షలకు పైన అని ఉంది. 23లో నలభై వేలంట. ఏది ఉంచమంటారు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. పోయినసారి ఇంకోచోట ఇస్తే, తప్పు పడిందనుకుని అడక్కుండా అన్నీ ఒకే అంకె చేసేసినారు. ఆ వంద కాపీలూ మా ఇంట్లో అట్టపెట్టెలోనే ఉన్నాయి.

మూడూ ఉంచమన్నాను. 3,00,000 నాన్జింగ్ స్మారకం గోడ మీద చెక్కిన అంకె. రెండు లక్షలకు పైన అన్నది జపాన్ యుద్ధ నేరాలను విచారించిన టోక్యో కోర్టు 1948 తీర్పు. నలభై వేలు జపాన్ చరిత్రకారుడు హాటా ఇకుహికో లెక్క. 1937 డిసెంబరు నుంచి ఎన్ని వారాలు, కోటగోడల లోపలేనా, చుట్టూ పల్లెలు కూడానా, లొంగిపోయాక చంపిన సైనికులను కలపాలా వద్దా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. వీళ్ల తగాదా ఎంతమంది అన్నదాని మీదే. అంకెలు కలవలేదు కాబట్టి అసలేమీ జరగలేదనేవాళ్లను ఈ వరుసలో కూర్చోబెట్టకూడదు. మన జలియన్‌వాలాబాగ్‌కూ ప్రభుత్వ లెక్క 379, కాంగ్రెస్ లెక్క సుమారు 1,000. అంతమాత్రాన డయ్యర్ కాల్పులు అబద్ధమవుతాయా?

ఇయెనాగా సబురో పేజీ టైపు చేస్తూ ఆ అబ్బాయి ఆగినాడు. పాఠ్యపుస్తకంలో యుద్ధం మీద రాసినవాటికి అడ్డు చెప్పినందుకు, ఆ చరిత్రకారుడు 1965లో జపాన్ ప్రభుత్వం మీద మొదటి కేసు వేశాడు. తర్వాత ఇంకో రెండు వేశాడు. ఆ కేసుల్లో చివరి తీర్పు 1997లో వచ్చింది. "ముప్పై రెండేండ్లా మేడం?" అని మౌస్ వదిలేసి నా వైపు తిరిగినాడు. వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

పని విషయానికొస్తే, నేనిచ్చిన యూనికోడ్ ఫైలు ప్రింటింగుకు వాడే అనూ ఫాంట్లలోకి మార్చినప్పుడు ఊడిన వత్తులన్నీ ఒక్కొక్కటీ తనే పట్టినాడు. మూడు ప్రూఫులకూ విడిగా డబ్బులడగలేదు. గమ్ము బైండింగ్ మాత్రం నచ్చలేదు, రెండు కాపీలకు అప్పుడే పేజీలు ఊడినాయి. పల్చటి పుస్తకమైతే సెంటర్ పిన్నులే కొట్టించుకోండి. పరీక్షల నెలలో ప్రాజెక్టు రికార్డుల రద్దీ ఎక్కువ, వారం ముందే ఇచ్చి రండి.