పాత మాక్రో లెన్సు కొనబోయే మిత్రులకు హెచ్చరిక: టార్చిలైటు వేసి చూడనిదే డబ్బు ఇవ్వకండి

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో పురుగులనూ గడ్డిపూలనూ దగ్గరగా ఫొటోలు తీసే మిత్రులు చాలామందే ఉన్నారు. కొత్త మాక్రో లెన్సు (చిన్న వస్తువులను అతి దగ్గర నుంచి, అసలు పరిమాణంలో తీసే లెన్సు) కొనే స్తోమత లేక నాలాగే పాతదాని కోసం వెతికేవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. గత వేసవిలో నెల్లూరులో పాత కెమెరాలు అమ్మే ఒకరి వద్ద 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సును 18,000 రూపాయలకు కొని నష్టపోయాను.

అమ్మిన వ్యక్తి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ‘‘గ్లాసు మీద ఒక్క గీత కూడా లేదు సార్, మీరే తీసి చూసుకోండి’’ అంటూ లెన్సును నా కెమెరాకే తగిలించి, మెట్ల మీదకు తీసుకువెళ్లి, మిట్టమధ్యాహ్నపు ఎండలో అపర్చర్ (లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి ఒక బంతిపువ్వును తీయించాడు. ఫొటో చక్కగా వచ్చింది. లోపల ఏ లోపం ఉన్నా బయటపడని పరీక్ష అదేనని నాకు అప్పుడు తెలియదు.

ఆరుద్ర కార్తెలో తొలి వాన పడిన మరునాడు కొత్తపట్నం వైపు చేల గట్లకు వెళ్లాను. ఎర్రటి మఖమలు గుడ్డ కప్పుకున్నట్లుండే ఆరుద్ర పురుగులు ఏడాదిలో కొద్ది రోజులే నేల మీదికి వస్తాయి కనుక, వాటి కోసమే ఆ లెన్సు కొన్నానని చెప్పినా తప్పులేదు. అంత దగ్గర నుంచి, పురుగు తన అసలు పరిమాణంలోనే కెమెరాలో బొమ్మ నమోదయ్యే సెన్సర్ మీద పడేలా తీసేటప్పుడు, అపర్చర్ ఎఫ్ 8 వద్ద కూడా స్పష్టంగా కనిపించే లోతు సుమారు ఒక మిల్లీమీటరే ఉంటుంది. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అపర్చర్ చిన్నదై ఆ లోతు పెరుగుతుంది. అందుకే అందరమూ ఎఫ్ 11కో 16కో వెళతాం. అలా తీసినప్పుడు, వెలుతురు మారకపోయినా, ఒక ఫొటో సరిగా, మరొకటి వెలిసిపోయినట్లుగా వచ్చాయి. ఆ తర్వాత తుమ్మి పూల మీది మంచుబిందువులను ఉదయపు సూర్యుడికి ఎదురుగా తీస్తే, ఫొటో అంతటా పలచని పాలపొర కప్పినట్లు కనిపించింది.

ఇంటికి వచ్చి, గది చీకటి చేసి, లెన్సు వెనుక నుంచి టార్చిలైటు వేసి చూశాను. లోపలి అద్దం అంచున సాలెగూడు దారాల వంటి ఫంగస్ (బూజు) అల్లుకొని ఉంది. చెన్నైలో లెన్సులు బాగుచేసే ఒకరికి చూపిస్తే, విప్పి తుడిచినా ఫంగస్ నుంచి వచ్చిన ఆమ్లం అద్దం మీది పూతను ఇప్పటికే తినేసిందనీ, పోయిన పూత తిరిగి రాదనీ చెప్పారు. అపర్చర్‌ను చిన్నది చేసే రేకుల మీద నూనె చేరి, అవి ఆలస్యంగా మూసుకుంటున్నాయట, అందుకే కొన్ని ఫొటోలు వెలిసిపోయాయి. మన సముద్రతీరపు తేమలో, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల కాలంలో, తేమ పీల్చే సిలికా జెల్ లేకుండా తోలు సంచిలో మూసిపెట్టిన లెన్సుకు ఈ గతి పట్టడం మామూలే. అమ్మేవాడు అది తెలిసీ చెప్పకపోవడమే నా బాధ.

తిరిగి వెళ్లి అడిగితే, ‘‘మేము ఇచ్చినప్పుడు లేదు, మీ ఇంట్లోనే పట్టింది’’ అన్నాడు. బిల్లులో ‘పాత లెన్సు ఒకటి’ అని తప్ప సీరియల్ నంబరు లేదు కనుక నేను గట్టిగా వాదించలేకపోయాను. సీరియల్ నంబరూ, వారం రోజుల్లో వెనక్కి తీసుకుంటామన్న మాటా బిల్లు మీద రాయించుకోండి. అందుకు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో మానుకోండి.

కొనే ముందు నీడలోకి వెళ్లి, అపర్చర్ పూర్తిగా తెరిచిన లెన్సుకు రెండు వైపుల నుంచీ టార్చి వేసి ఏటవాలుగా చూడండి. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే రకం) కెమెరాలో మనం చూస్తున్నంతసేపూ రేకులు తెరిచే ఉంటాయి, క్లిక్ చేసిన క్షణంలోనే మూసుకుంటాయి. కాబట్టి వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) చూసి నమ్మవద్దు. ఎఫ్ 16 వద్ద, కదలని వస్తువును, ఒకే వెలుతురులో, మాన్యువల్‌లో (సెట్టింగులు మనమే పెట్టే పద్ధతిలో) పది ఫొటోలు వరుసగా తీసి, అన్నీ ఒకేలా ఉన్నాయేమో పోల్చండి. వెలుగుకు ఎదురుగా ఒకటైనా తీయండి.

‘మాక్రో’ అని రాసి ఉన్న జూమ్ లెన్సుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాటిలో చాలావాటికి వస్తువును అసలు పరిమాణంలో చూపే శక్తి ఉండదు, పావు వంతుతో ఆగిపోయేవీ ఉన్నాయి. పిల్లల స్కేలు ఒకటి జేబులో వేసుకువెళ్లి, వీలైనంత దగ్గర నుంచి అడ్డంగా ఫొటో తీయండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 36 మిల్లీమీటర్లు, ఏపీఎస్‌సీ (అంతకన్నా చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాలో సుమారు 22 నుంచి 24 మిల్లీమీటర్లు మాత్రమే పడితే అది నిజమైన మాక్రో. అంతకన్నా ఎక్కువ గీతలు కనిపిస్తే మాక్రో లెన్సు ధర పెట్టవద్దు.

నా లెన్సు తీసిన పాలపొర ఫొటోలనూ, టార్చి వెలుగులో కనిపించిన ఫంగస్ ఫొటోలనూ దాచి ఉంచాను. ఒంగోలు చుట్టుపక్కల ఎవరైనా పాత లెన్సు చూడబోతుంటే తోడు రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ‘ఒక్క గీత కూడా లేదు’ అన్న అదే మాటతో ఆ దుకాణంలో మరో రెండు మాక్రో లెన్సులు ఈ వారం కూడా అమ్మకానికి పెట్టి ఉన్నాయి.