కాఫీకి 5 స్టార్లు, మా అన్నయ్యని గుమ్మంలో ఆపినందుకు మొత్తం మీద 2

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో ఉన్న కాఫీ షాపు. పేరు రాయట్లేదు, రాస్తే ఆ గుమ్మం దగ్గర నిలబడే కుర్రాడి ఉద్యోగం మీదకి వస్తాదని నా భయం, వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు పాపం.

మా పెదనాన్నగారి అబ్బాయికి చూపు పూర్తిగా లేదు. అమెరికాలో పదేళ్ళ పైన ఉండి పోయిన ఏడాది ఊరికి వచ్చేశాడు, తనతో పాటే జూనో కూడా. జూనో అంటే నల్ల లాబ్రడార్, గైడ్ డాగ్. దాని ఒంటికి బెల్టులు, వాటికి గట్టి హ్యాండిల్, అది పట్టుకునే అన్నయ్య నడుస్తాడు. దారి కుక్కకి తెలుసనుకుంటారు అందరూ, కాదు, ఎటెళ్ళాలో అన్నయ్యకే తెలుసు, మెట్టొస్తే అది ఆగిపోతాది, గొయ్యుంటే పక్కకి తప్పిస్తాది, బండి మీదకొస్తంటే అన్నయ్య పద అన్నా సరే కదలదు. ఆ రోజు గంటస్తంభం దగ్గర ఆటోల మధ్యలోంచి అలాగే తీసుకొచ్చింది, నాకు గుండె దడదడలాడింది గానీ వాళ్ళిద్దరికీ ఏం కాలేదు.

షాపు తలుపు తీయగానే కుర్రాడు అడ్డొచ్చేశాడు. "కుక్కల్ని రానివ్వమండి, బయట కట్టీండి." ఇది పెంపుడు కుక్క కాదు బాబూ, నా కళ్ళు అది, అని అన్నయ్య మెల్లిగానే చెప్పాడు. వాడు అన్నయ్య వైపు చూడకుండా నాతో "సార్‌కి మీరు చెప్పండి మేడమ్" అన్నాడు. తర్వాత మేనేజర్ వచ్చాడు, ఆయనా నాతోనే, సర్టిఫికెట్ ఉందా, కరుస్తాదా, సార్ బయట కూర్చుంటారా అని. బయటంటే ఎండలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. పది నిమిషాలు మేము అలా గుమ్మంలోనే, లోపలున్నోళ్ళందరూ మావైపే చూస్తా, జూనో మాత్రం అన్నయ్య కాలి దగ్గర బొమ్మలా కూర్చుంది.

అమెరికాలో అయితే షాపు వాళ్ళు రెండే ప్రశ్నలు అడగాలంట, వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఇది ఏ పని నేర్చుకుంది అని, కాగితం చూపించమనకూడదు. కుక్క అదుపు తప్పితే మాత్రం బయటకి పంపేయొచ్చు. ఆ రెండూ అడిగుంటే నిమిషంలో అయిపోయేది. మనకీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది, సర్వీసు ఇచ్చేది ప్రైవేటోళ్ళైనా వికలాంగులకి అందుబాటులో ఉండాలని అందులో 46వ సెక్షన్, ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా జరిమానా అని 89వది. ఇది మేనేజర్‌కి చెప్తే "చట్టం సంగతి తెలీదు మేడమ్, కస్టమర్లు భయపడతారు" అన్నారు.

భయం సంగతి నేను కాదనను, వీధికుక్కలు చేసినదానికి జనం భయపడుతున్నారు, పక్క టేబుల్ పెద్దావిడ కాళ్ళు పైకి పెట్టేసుకున్నారు కూడా. మూల టేబుల్ ఇవ్వండి చాలు అన్నాడు అన్నయ్య, ఆఖరికి ఇచ్చారు. జూనో టేబుల్ కింద దూరి పడుకుంది, ముప్పావుగంట ఉలుకూ పలుకూ లేదు. వెళ్ళేటప్పుడు ఆ పెద్దావిడే వచ్చి "ముట్టుకోవచ్చా బాబూ?" అని అన్నయ్యనే అడిగారు. పనిలో ఉంది కదమ్మా, ఇప్పుడు వద్దు అంటే నవ్వి వెళ్ళిపోయారు. ఆ రోజంతటిలో ఆయనతో నేరుగా మాట్లాడింది ఆవిడొక్కతే, కాఫీ తెచ్చినబ్బాయి కూడా "సార్‌కి చక్కెర ఎంత?" అని నన్నే అడిగాడు, అన్నయ్య నా ఎదురుగా కూర్చునుండగా.

కాఫీ మాత్రం నిజంగా బాగుంది, అరకు గింజలంట, డికాక్షన్ చిక్కగా, చేదు నాలిక మీద ఉండిపోకుండా. ఉల్లి సమోసా చల్లారిపోయి ఉంది, వేడి చేసివ్వమంటే ఇచ్చారు. ఏసీ బాగుంది, టేబుళ్ళ మధ్య జాగా తక్కువ, గుమ్మంలో ఎత్తు మెట్టుంది గానీ ర్యాంప్ లేదు, వీల్‌చైర్ వాళ్ళు రాలేరు.

ఓనరుగారు ఇది చదివితే మీ కుర్రాళ్ళకి ఒక్క పూట కూర్చోబెట్టి చెప్పండి, అంతే. అన్నయ్య మళ్ళీ వెళ్దామంటున్నాడు, ఆ కాఫీ కోసం. నేనే ఇంకా ఊ అనలేదు.